సోఫాల సంగతి తర్వాత, ముందు గాలి సంగతి

ప్రశ్న: మాది సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీ. ఎనిమిది మందితో మొదలుపెట్టాం, ఇప్పుడు 48 మందిమి. రెండేళ్లలో 90 అవుతామని లెక్క. 7,500 చదరపు అడుగుల ఖాళీ ఫ్లోర్ ఒకటి ఐదేళ్ల లీజుకు మాట్లాడుకున్నాం, సంతకాలు ఇంకా కాలేదు. నేను చూసేది అడ్మిన్, అకౌంట్స్. ఆఫీసు సిద్ధం చేయించే బాధ్యత కూడా నా మీదే పడింది. ఇంటీరియర్ డిజైనర్ ప్లానూ త్రీడీ బొమ్మలూ పంపారు, కళ్లు చెదిరేలా ఉన్నాయి. 90 సీట్లూ ఒకే హాల్లో, మధ్యలో 16 మంది పట్టే అద్దాల కాన్ఫరెన్స్ రూమ్, ఫాల్స్ సీలింగ్ లేకుండా పైపులు కనబడేలా నల్ల రంగు, రిసెప్షన్‌లో పెద్ద సోఫాలు. గోడలు లేకపోతేనే మనుషులు మాట్లాడుకుంటారని మా ఫౌండర్ గారి నమ్మకం. స్టాఫ్ మాత్రం ఇప్పటికే గోల భరించలేకపోతున్నామంటున్నారు. ఖర్చు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గించాలి? గోడలకు ఏ రంగు వేయిస్తే బాగుంటుంది?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీరు జత చేసిన ప్లాన్ రెండుసార్లు చూశాను. గోడలే వద్దన్న ఆ ప్లాన్‌లో తలుపు ఉన్న సొంత గది ఒక్కటే ఉంది. అది ఫౌండర్ గారిది. ఈ మాట ఆయనతో నవ్వుతూ అనగలిగే చనువు మీకుంటే సగం పని అయిపోయినట్టే.

ఆయన నమ్మకంలో కొంత నిజం లేకపోలేదు. ఎంఐటీ ప్రొఫెసర్ థామస్ అలెన్ 1970ల్లో ఇంజినీర్ల మధ్య మాటామంతీ ఎలా సాగుతుందో కొలిచి చూశారు. ఇద్దరి సీట్ల మధ్య దూరం పెరిగే కొద్దీ మాట్లాడుకోవడం చకచకా పడిపోతుందనీ, 50 మీటర్లు దాటితే దాదాపు లేనట్టేననీ తేలింది. అంటే కలిసి పనిచేసేవాళ్లను పక్కపక్కన కూర్చోబెట్టాలి. అంతవరకు సరే. కానీ పక్కన కూర్చోబెట్టడం వేరు, అందరినీ నడివీధిలో కూర్చోబెట్టడం వేరు. హార్వర్డ్‌లో ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ అనే ఇద్దరు రెండు పెద్ద కంపెనీలు ఓపెన్ ఆఫీసుకు మారకముందు, మారిన తర్వాత ఉద్యోగుల ఒంటిమీద సెన్సర్లు పెట్టి గమనించారు. 2018లో అచ్చయిన వాళ్ల లెక్క ప్రకారం ఎదురెదురుగా మాట్లాడుకోవడం సుమారు 70 శాతం తగ్గింది, ఈమెయిళ్లూ మెసేజ్‌లూ పెరిగాయి. నాకైతే ఆశ్చర్యం అనిపించలేదు. నలుగురూ వింటున్నారని తెలిస్తే ఎవరైనా నోరు కట్టేసుకుంటారు, చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కనబడకుండా ఒక గోడ కట్టుకుంటారు. ఈ సంగతి ఆయనకు చెప్పి చూడండి. అప్పటికీ ఒప్పుకోకపోతే ఒక వారం పాటు హాలు మధ్యలో కూర్చుని ఆయన ఫోన్ కాల్స్ అన్నీ అక్కడి నుంచే మాట్లాడమనండి.

ఇక ఖర్చు. నా లెక్క చాలా మోటుది. తర్వాత మార్చాలంటే ఆఫీసు మూసేయాల్సినవి కొన్ని ఉంటాయి: గాలి వచ్చే దారి, కరెంటు, కేబుళ్లు, నీళ్ల పైపులు, గదుల మధ్య శబ్దం ఆపే గోడలు. వీటిని ఇప్పుడే 90 మందికి సరిపడా, మంచి సరుకుతో చేయించండి. ఒక శనివారం నలుగురు మనుషులు వచ్చి మార్చేయగలిగినవి ఇంకొన్ని: బల్లలు, సోఫాలు, రంగులు, మొక్కలు, గోడ మీద బొమ్మలు. వీటిలో ఏదీ ఈరోజే తేల్చుకోనక్కర్లేదు. మీకు వచ్చిన త్రీడీ బొమ్మల్లో రెండో రకమే అంతా ఉంది. మొదటి రకం బొమ్మలో కనబడదు కాబట్టి దాని గురించి ఎవరూ అడగరు. పైన పటారం, లోన లొటారం అంటారే, ఆఫీసుల్లో అది ఎక్కువగా ఇలాగే జరుగుతుంది.

సంతకం పెట్టకముందే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. 7,500 చదరపు అడుగులు అన్నది లీజు కాగితం మీది అంకె. అందులో లిఫ్టు, మెట్లు, లాబీల వాటా ఎంత ఉందో, మీ బల్లలు పడే చోటు ఎంత మిగులుతుందో టేపు పెట్టి కొలిపించండి. 5,500 మిగిలిందనుకుందాం. 90 మందికి పంచితే తలకు 61. మీటింగ్ రూములు, నడిచే దారులు, పాంట్రీ, సర్వర్ గది అన్నీ కలిపి తలకు 80 నుంచి 120 చదరపు అడుగులు చూసుకోవడం మామూలు పద్ధతి. కాబట్టి 90 బల్లలు బొమ్మలో పట్టాయంటే అవతల ఏదో నొక్కేశారని అర్థం. బాత్‌రూములు 90 మందికి సరిపోతాయా, ఆ ఫ్లోర్‌కు ఇచ్చిన కరెంటు లోడ్ ఎంత, ఏసీ బయటి యూనిట్లు పెట్టుకోవడానికి జాగా ఎక్కడ, వెళ్లిపోయేటప్పుడు అంతా పీకేసి మొదట ఉన్నట్టు అప్పగించాలన్న షరతు ఉందా అన్నవి కూడా రాతపూర్వకంగా అడగండి. ఆ చివరి షరతు ఉంటే ఖర్చు రెండుసార్లు అవుతుంది: కట్టడానికి ఒకసారి, కూల్చడానికి ఒకసారి.

90 బల్లలు నిజంగా కావాలా అన్నది అసలు ప్రశ్న. ఇప్పుడున్న ఆఫీసులో రెండు వారాల పాటు రోజూ 11 గంటలకు, 3 గంటలకు ఎంతమంది సీట్లో ఉన్నారో లెక్క రాయండి. ఎంత ఖాళీగా ఉంటుందో చూసి మీరే ఆశ్చర్యపోవచ్చు. అయితే సగటు తీసుకోకండి. అన్నిటికంటే రద్దీగా ఉన్న రోజునే లెక్కలోకి తీసుకోండి, లేకపోతే ఆ ఒక్క రోజు పది మంది లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని తిరుగుతారు. 48 మందిలో ఏ రోజూ 36 దాటలేదంటే, 90 మందికి 70 బల్లలు చాలు. సీట్లు పంచుకోవడం అందరికీ కుదరదు. రెండు మానిటర్లు, ఫైళ్లు ఉన్న మీ అకౌంట్స్ వాళ్లకు సొంత బల్ల ఉండాల్సిందే.

ఇలాగే మీటింగుల లెక్క కూడా తీయండి. క్యాలెండర్ తెరిచి మూడు నెలల మీటింగుల్లో ఎక్కువ భాగం ఎంతమందివో చూడండి. ఇద్దరు, ముగ్గురు, నలుగురు. 16 మంది గదిలో ఇద్దరు కూర్చుని వీడియో కాల్ మాట్లాడుతుంటే, మిగతావాళ్లు గది దొరక్క మెట్ల మీద నిలబడి మాట్లాడటం నేను చాలా ఆఫీసుల్లో చూశాను. ఆ గదిని పదిమందికి కుదించండి. మిగిలిన చోటులో నలుగురు పట్టే గదులు రెండు మూడు, ఒక్కరు తలుపేసుకుని ఫోన్ మాట్లాడే బూత్‌లు నాలుగు పెట్టించండి. కంపెనీ అంతా ఒకచోట చేరాల్సిన రోజున పాంట్రీ పక్క ఖాళీ వాడుకోండి. గది మధ్యలో మడతపెట్టే గోడ వేద్దామని డిజైనర్ అనొచ్చు. నేను దానికి వ్యతిరేకిని. మంచిది చాలా ఖరీదు, చవకది శబ్దం ఆపదు.

శబ్దం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, మీ స్టాఫ్ బాధ అదే కాబట్టి. ఆఫీసులో మనిషిని సతాయించేది శబ్దం కాదు, అర్థమయ్యే మాట. ఏసీ హోరు గంటసేపు ఉన్నా చెవి పట్టించుకోదు. పక్క సీటు ఆయన లోన్ గురించి బ్యాంకుతో మాట్లాడుతుంటే మాత్రం మన పని ఆగిపోతుంది, మనకు వద్దన్నా బుర్ర ఆ మాటల వెంటే పోతుంది. దీనికి రెండు వేర్వేరు మందులున్నాయి, చాలామంది వాటిని కలిపేస్తారు. ఒకటి శబ్దాన్ని పీల్చడం, రెండోది శబ్దాన్ని ఆపడం. హాల్లో కావాల్సింది పీల్చడం. మీ ప్లాన్‌లో పైన కాంక్రీట్ స్లాబ్, కింద టైల్స్, పక్కన అద్దాలు. మాట ఎక్కడ తగిలినా తిరిగొస్తుంది. పైపులు కనబడే నల్ల సీలింగ్ ఫొటోలో బాగుంటుంది కానీ 70 మంది మాట్లాడే హాల్లో అది డప్పు. అదే లుక్ కావాలంటే స్లాబ్‌కు శబ్దం పీల్చే బోర్డులు వేలాడదీయించండి. ఎన్ఆర్‌సీ అనే అంకె 0.8 పైన ఉన్నవి అడగండి, అంటే తగిలిన శబ్దంలో సుమారు 80 శాతం పీల్చేస్తాయి. కింద కార్పెట్ టైల్స్ వేయిస్తే కుర్చీలు జరిపే మోతా అడుగుల చప్పుడూ తగ్గుతాయి. ఒకచోట మరక పడితే ఆ ఒక్క ముక్కే మార్చుకోవచ్చు.

గదులకు కావాల్సింది ఆపడం. ఇక్కడే అందరూ మోసపోతారు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో హెచ్ఆర్ గది గోడ ఫాల్స్ సీలింగ్ దాకా వచ్చి ఆగిపోయింది. పైన స్లాబ్ వరకు ఖాళీ. జీతాల బేరాలన్నీ పక్క గదిలో పొల్లుపోకుండా వినబడేవి. ఏడాది పాటు అక్కడ కూర్చున్నవాళ్లు కంపెనీలో అందరికంటే ఎక్కువ విషయాలు తెలిసినవాళ్లుగా పేరు తెచ్చుకున్నారు. కాబట్టి గది గోడలు స్లాబ్ దాకా వెళ్లాలి, లోపల రాక్‌వూల్ (శబ్దాన్ని అడ్డుకునే రాతి ఉన్ని) నింపాలి, తలుపు కింద సందు మూసే రబ్బరు పట్టీ ఉండాలి. ఫ్రేమ్ లేని అద్దం తలుపుకు చుట్టూ సందులే, అద్దం ఎంత మందమైనా మాట ఆ సందుల్లోంచి బయటకొస్తుంది. అన్ని గదులకూ ఇంత ఖర్చు అక్కర్లేదు. హెచ్ఆర్, అకౌంట్స్, క్లయింట్లతో మాట్లాడే గది, ఈ మూడింటికి చేయించినా చాలు.

ఖర్చు లేని మందు ఒకటుంది: ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది. ఫోన్ల మీద బతికే సేల్స్, సపోర్ట్ వాళ్లు ఒక కొసన, తల వంచుకుని పనిచేసేవాళ్లు ఇంకో కొసన, మధ్యలో గదులూ అల్మరాలూ ప్రింటరూ. పాంట్రీ పక్కన ప్రోగ్రామర్లను కూర్చోబెట్టకండి.

ఇక గాలి. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఎన్నో ఆఫీసుల్లో మధ్యాహ్నం మూడు గంటలకు అందరికీ ఆవలింతలొస్తుంటాయి, నింద భోజనం మీద పడుతుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 420. లోపల 1,000 దాటకుండా చూసుకోవడం చాలామంది పాటించే హద్దు. బయటి గాలి రాని చిన్న గదిలో నలుగురు తలుపేసుకుంటే గంట లోపే అది 2,000 దాటిపోతుంది. బయటి గాలి ఎంత కావాలన్నదానికి అమెరికాలోని ఆష్రే సంస్థ ప్రమాణం చాలా దేశాల్లో వాడుతున్నారు. ఆఫీసుకు మనిషికి సెకనుకు 2.5 లీటర్లు, దానిపైన ప్రతి చదరపు మీటరుకు 0.3 లీటర్లు. పైన అనుకున్న 5,500 చదరపు అడుగులంటే సుమారు 510 చదరపు మీటర్లు, ఆ లెక్కన, 90 మందికి 225, చోటుకు 153, మొత్తం సెకనుకు 378 లీటర్లు. ఇది కనీసం. మీ ఏసీ కాంట్రాక్టర్‌ను అడగాల్సింది 'ఎన్ని టన్నులు?' అని మాత్రమే కాదు, 'బయటి గాలి ఎంత, ఏ దారిన వస్తుంది?' అని కూడా. జవాబు తడబడితే ఇంకొకరిని చూసుకోండి. ఫోన్ బూత్‌లకు లోపల ఫ్యాన్ లేకపోతే అవి పది నిమిషాల్లో ఆవిరి గదులవుతాయి. కదలకుండా కూర్చున్న మనిషి ఒక్కరే 100 వాట్లకు పైగా వేడి ఇస్తారు మరి.

ఏసీలో ఇంకో గొడవ థర్మోస్టాట్, అంటే చల్లదనం ఎంత ఉండాలో అదుపు చేసే మీట. సాయంత్రం ఎండ పడే కిటికీ వైపు వాళ్లకూ, లోపలి వైపు వాళ్లకూ ఒకే థర్మోస్టాట్ ఉంటే ఒకరికి చెమట, ఒకరికి వణుకు. రిమోట్ యుద్ధాలకు కారణం మనుషుల స్వభావం కాదు, ఈ డిజైన్. కిటికీ వైపు, లోపలి వైపు, ప్రతి మీటింగ్ గది విడివిడిగా అదుపు చేసేలా అడగండి. సర్వర్ గది ఏసీ పూర్తిగా వేరుగా ఉండాలి, రాత్రీ సెలవు రోజుల్లోనూ నడవాలి. దాని పైన ఎక్కడా నీళ్ల పైపు పోకూడదు.

వెలుతురు విషయం త్వరగా చెప్పేస్తాను. బల్ల మీద 500 లక్స్ (వెలుతురును కొలిచే లెక్క) చాలు, నడిచే దారుల్లో అంత అక్కర్లేదు. కిటికీ స్క్రీన్ వెనక కానీ, కూర్చున్నవాళ్ల వీపు వెనక కానీ ఉండకుండా పక్కకు ఉండేలా బల్లలు వేయించండి. కిటికీలన్నీ క్యాబిన్లకు ఇచ్చేసి హాల్లోవాళ్లను ట్యూబ్‌లైట్ల కింద వదలొద్దు.

కరెంటు, కేబుళ్లు. బల్లకు లాప్‌టాప్, ఒకటో రెండో మానిటర్లు కలిపి 150 వాట్లు వేసుకుంటే 90 బల్లలకు 13.5 కిలోవాట్లు. యూపీఎస్ దీనికి సరిపోవాలి. దాని బ్యాటరీలు బాగా బరువు, అవి పెట్టే చోట స్లాబ్ ఆ బరువు మోస్తుందో లేదో భవనం ఇంజినీరుతో చూపించుకోవాలి. నెట్‌వర్క్ కేబుల్, కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్ అనే పెట్టె నుంచి కంప్యూటర్ దాకా మొత్తం 100 మీటర్లు మించకూడదు, అందులో గోడల్లో, సీలింగ్‌లో పోయేది 90. వైఫై ఉందిగా, కేబుల్ ఎందుకని కొందరంటారు. ఆ వైఫై బాక్సులకే సీలింగ్‌లో కేబుళ్లు కావాలి. కేబుళ్లు పోయే డక్టుల్లో మూడో వంతు ఖాళీ వదలమనండి. కేబుల్ చవక, రెండేళ్ల తర్వాత నడుస్తున్న ఆఫీసులో సీలింగ్ విప్పడం చవక కాదు.

పెరుగుదల సంగతి ఇక్కడే. 90 మందికి గాలీ కరెంటూ కేబుళ్లూ వేయించండి, బల్లలు మాత్రం ఇప్పటికి 50 కొనండి. ఒక కొస ఖాళీగా ఉంచండి. ఆ ఖాళీ చూసి ఫౌండర్ గారికి దిగులనిపించొచ్చు. కానీ కంపెనీ అనుకున్నట్టు పెరగదు, ఎప్పుడూ ఇంకోలా పెరుగుతుంది. రేపు మీకు కావాల్సింది ఇంకొన్ని బల్లలు కాక, ఒక శిక్షణ గదో స్టూడియోనో కావొచ్చు. రాబర్ట్ ప్రాప్‌స్ట్ అనే ఆయన 1960ల్లో హెర్మన్ మిల్లర్ కంపెనీ కోసం కదిలించుకోగల ఆఫీసు ఫర్నిచర్ తయారుచేశారు. 1968లో వచ్చిన రెండో రూపంలో పలకలు ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. కంపెనీలు వాటిని కొని, చదరపు డబ్బాలుగా బిగించి అలాగే వదిలేశాయి. మనం తిట్టుకునే క్యూబికల్ అలా పుట్టింది. వస్తువు కదిలేదైనా చాలదు, కదిలించడానికి పక్కన చోటు ఉండాలి.

కుర్చీల్లో కక్కుర్తి పడకండి. సోఫాల డబ్బు కుర్చీల్లో పెట్టండి. ఒక మానిటర్‌కు 4 అడుగుల బల్ల చాలు, రెండైతే 5 అడుగులు. వెనకా వెనకా కూర్చునే రెండు వరుసల బల్లల మధ్య కనీసం 6 అడుగులు ఉండాలి, లేకపోతే కుర్చీ జరిపిన ప్రతిసారీ వీపులు తగులుతాయి. కొనేముందు ఒక సెట్ తెప్పించి, పొడుగ్గా ఉన్నవాళ్లనూ పొట్టిగా ఉన్నవాళ్లనూ వారం చొప్పున కూర్చోబెట్టి చూడండి. ఎత్తు మార్చుకునే బల్లలు అందరికీ అక్కర్లేదు, నడుం నొప్పి ఉన్నవాళ్ల కోసం ఓ పది ఉంటే మంచిది. వీల్‌చెయిర్ తిరగడానికి 5 అడుగుల జాగా, 3 అడుగుల తలుపు ఇప్పుడే పెట్టించండి, ఆ అవసరం ఎవరికో వచ్చేదాకా ఆగకండి.

పార్టిషన్ జరిపిన ప్రతిసారీ పైన మంటలొస్తే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్, పొగ డిటెక్టర్ కూడా జరగాలి. కొత్త గదిలో అవి లేకుండా పోతే ప్రమాదం, ఫైర్ అనుమతికీ చిక్కు. స్ప్రింక్లర్ కింద కనీసం 18 అంగుళాలు ఖాళీ ఉంచాలి, అల్మరాల మీద అట్టపెట్టెలు పేర్చేవాళ్లకు ఇది ముందే చెప్పాలి.

కాంట్రాక్టు గురించి. ఏసీ ఒకరికి, కరెంటు ఒకరికి, చెక్కపని ఇంకొకరికి ఇస్తే కొంత మిగులుతుంది, కానీ తేడా వచ్చిన రోజు తిలా పాపం తలా పిడికెడు. సైట్‌లో రోజూ నిలబడే మనిషి మీ దగ్గర లేరు కాబట్టి మొత్తం ఒకరికే ఇచ్చి, వాళ్లతో సంబంధం లేని ఇంజినీరు ఒకరిని తనిఖీకి పెట్టుకోండి. లైట్లు, ఏసీ జాలీలు, స్ప్రింక్లర్లు, డిటెక్టర్లు, స్పీకర్లు అన్నీ ఒకే కాగితం మీద చూపించే సీలింగ్ డ్రాయింగ్ లేకుండా పని మొదలుపెట్టనివ్వకండి. కొటేషన్‌లో 'లేదా దానికి సమానమైనది' అన్న మాట ఎక్కడుందో వెతికి, సమానమో కాదో తేల్చేది మీరేనని రాయించండి. బిల్లులో 5 నుంచి 10 శాతం ఏడాది పాటు ఆపి ఉంచండి, అన్ని కాలాలూ గడిస్తేనే లీకులు బయటపడతాయి. పాత ఆఫీసును ఒక నెల అదనంగా అట్టేపెట్టుకోండి. పని ఆలస్యమైనా టెన్షన్ ఉండదు, కొత్త రంగుల, ప్లైవుడ్ జిగురు వాసన పోయేదాకా బయటి గాలి పెట్టి వదిలేయడానికీ సమయం దొరుకుతుంది.

చివరికి రంగు అడిగారు కదా. సీలింగ్‌కు, కిటికీ పక్క గోడలకు తెలుపుకు దగ్గరగా ఉన్నది వేయండి, వెలుతురు లోపలికి పాకుతుంది. మెరవనిది తీసుకోండి, స్క్రీన్ల మీద దాని మెరుపు పడదు. ముదురు రంగు మీద మనసుంటే ఒక్క గోడకు వేయించండి. ఆ గోడ మీద కంపెనీ పేరు రాయించేముందు, దాని వెనక ఏసీ నీళ్ల పైపు లేదని చూసుకోండి.